నాయన పండించిన పట్టుగూళ్లతో పెళ్లి చీర... కట్టుకోలేనంటే తప్పా?

ప్రశ్న

హిందూపురం వైపు పల్లెలో పుట్టి పెరిగి, ఇప్పుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న 27 ఏళ్ల అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ వద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులే ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె తండ్రికి రెండెకరాల మల్బరీ తోట ఉంది. వేరుశనగ వేసి వేసి అప్పులపాలైన ఇంటిని నిలబెట్టింది పట్టుపురుగుల షెడ్డే. ఆమె ఇంజినీరింగ్ ఫీజులు గూళ్లు అమ్మిన డబ్బుతోనే కట్టారు. చిన్నప్పుడు బడి నుంచి రాగానే ఆకు కోసుకురావడం, పురుగులు జ్వరం (పొర విడిచే ముందు నిద్ర) నుంచి లేచాయో లేదో చూసి మేత వేయడం, పండిన పురుగుల్ని ఏరి గూళ్లు కట్టుకునే చంద్రికల మీద వదలడం ఆమెకు అలవాటైన పనులు.

మాఘంలో పెళ్లి. ముహూర్తానికి కట్టుకునే చీర తన గూళ్లతోనే నేయించాలని తండ్రి కోరిక. 'నా బిడ్డ పీటల మీద మన గూళ్ల చీర కట్టుకుని కూర్చోవాల' అని ఊరంతా చెప్పుకున్నారు. కిందటి పంటలో కొన్ని కిలోలు మార్కెట్‌కు వేయకుండా ఆపి, తెలిసిన చోట దారం తీయించారు. సరదాగా ఉంటుందని కూతుర్నీ వెంట తీసుకెళ్లారు.

'గూడులో పురుగు చస్తుందని నాకు తెలియక కాదు. కానీ ఎప్పుడూ చూడలేదు. మా పని గూళ్లు సంచుల్లో నింపి మార్కెట్‌కు పంపడంతో అయిపోయేది' అని రాశారు. అక్కడ పొగలు కక్కే నీళ్లలో గూళ్లు తేలుతున్నాయి. ఒకామె వేళ్లతో పోగు కొసలు అందుకుంటోంది. దారం అయిపోయిన గూడు నుంచి గోధుమరంగు పురుగు బయటపడి బేసిన్ అడుగుకు చేరుతోంది. ఆ వాసన ఇప్పటికీ ముక్కులోంచి పోలేదట. 'ఆమె వేళ్లు నాని, తెల్లగా పాలిపోయి, చర్మం లేచిపోయి ఉన్నాయి' అని ఒక్క వాక్యం రాసి మళ్లీ పురుగుల దగ్గరికి వెళ్లిపోయారు.

ఇంటికొచ్చి, నూలు చీర కట్టుకుంటానని తల్లితో చెప్పారు. 'పీటల మీద నూలు చీరా? మనకేం కరువొచ్చిందని నలుగురూ అనుకోరా?' అని ఆమె ఏడ్చారు. తండ్రి ఒక్క మాట కూడా అనలేదు. ఎక్కువసేపు షెడ్డులోనే గడుపుతున్నారు. తమ్ముడు మాత్రం 'ఆదివారం కోడికూర రెండోసారి వేయించుకునేదానివి, నీకు పురుగుల మీద దయా?' అని ఎగతాళి చేస్తున్నాడు. కాబోయే భర్త, పురుగును చంపకుండా తీసిన అహింసా పట్టు చీర ఒకటి చూపించారు. మొదట హాయిగా అనిపించినా, 'ఎవరో పెంచిన పురుగులకు ప్రాణభిక్ష పెట్టి, మా నాయన పెంచినవాటిని కాదన్నట్టు అవుతుందేమో' అని వెనక్కి తగ్గారు.

ఇప్పుడు సంగతి చీరతో ఆగలేదు. పత్తి, పాలు, తోలు చెప్పులు, చేతిలో ఫోను, దేన్ని చూసినా దాని వెనకేం జరిగిందో అన్న ఆలోచనే. షాపుకు వెళ్లి ఏమీ కొనకుండా తిరిగొస్తున్నారు. నిద్ర సరిగ్గా పట్టడం లేదు. వచ్చే పక్షంలో తల్లీ పిన్నీ ధర్మవరం వెళ్లి ముప్పై నలభై పెట్టుబడి చీరలు తేబోతున్నారు, వాళ్లతో వెళ్లాలంటేనే టెన్షన్‌గా ఉందట. 'కట్టుకుంటే నన్ను నేను మోసం చేసుకున్నట్టు. కట్టుకోకపోతే నాయన్ని నలుగురిలో అవమానించినట్టు. ఏం చేయమంటారు?' అని అడిగారు.

సమాధానం

ముందు మీ తమ్ముడి సంగతి చూద్దాం, అది తేలిక. అతను అన్నది అబద్ధం కాదు. కోడికూర తింటూ పురుగుల కోసం బాధపడటంలో పొంతన లేదు. కానీ ఆ మాట పట్టుకుని వెళ్తే ఎక్కడ తేలతాం? పొంతన కుదరదు కాబట్టి పురుగుల గురించీ బాధపడకు అని అతను చెబుతున్నాడు. అదే పొంతన కోసం కోడికూర మానెయ్యొచ్చు కూడా, ఆ దారి మాత్రం అతనికి గుర్తు రాలేదు. గాంధీ ఆవుల్నీ గేదెల్నీ పాల కోసం పెట్టే హింస సంగతి తెలుసుకుని పాలు మానేశారు. తర్వాత జబ్బుపడి లేవలేని స్థితిలో, నువ్వు మానింది ఆవు పాలూ గేదె పాలే కదా అని కస్తూర్బా అంటే, మేకపాలు తాగారు. మాట నిలబడింది గానీ దాని ఉద్దేశం చెడిందని తనే రాసుకున్నారు. మేకపాలు మానలేదు, ఆ ఇబ్బందిని దాచనూ లేదు. మీ తమ్ముడికి ఇంత చెప్పనక్కర్లేదు. 'అవును, నాకూ పొంతన కుదరడం లేదు' అంటే చాలు, ఎగతాళికి పట్టు దొరకదు.

ఇక చీర. లెక్క ఒకసారి దగ్గర్నుంచి చూడండి, మీ ఇంటి పనే కాబట్టి మీకు కొత్త కాదు. కిలో ముడిపట్టుకు ఆరున్నర ఏడు కిలోల గూళ్లు పడతాయి. అర కిలోకు పైగా పట్టు పట్టే చీరకు సుమారుగా రెండు మూడు వేల గూళ్లు. ఒక్కో గూటిలో ఒక్కో ప్రాణి. గూడు కట్టిన పురుగు లోపల ప్యూపాగా మారుతుంది. వదిలేస్తే పది పన్నెండు రోజుల్లో రెక్కల పురుగై, అంటే పట్టు చిలుకై, గూడు చివర తడిపి, తొలుచుకుని బయటికొస్తుంది. అలా వస్తే పోగు తెగుతుంది. తెగకుండా ఉంటే ఒక్క గూడు నుంచి దాదాపు కిలోమీటరు పోగు వస్తుంది. పట్టుకు ఆ మెరుపూ నునుపూ చాలావరకు ఆ తెగని పోగు వల్లే. అందుకే చిలుక రాకముందే ఆవిరి పెట్టో వేడిగాలి పెట్టో చంపేస్తారు, లేదంటే నేరుగా నీళ్లలో ఉడకబెడతారు. పురుగుకు మనలాగే బాధ తెలుస్తుందా అన్నది శాస్త్రవేత్తల్లో ఇంకా తెగని చర్చ. తెగలేదు కాబట్టి తెలియదనే అనుకుందాం అని నేను అనను.

ఈ లెక్కలో మీరు గమనించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. మీ చీర పురుగులు చనిపోయాయి. దారం తీయడం అయిపోయింది. మీరు ఆ చీర కట్టుకున్నా, పెట్టెలో పెట్టినా, ఎవరికి ఇచ్చినా ఒక్కటి కూడా తిరిగి రాదు. ఇది చెబుతున్నది 'ఇక కట్టేసుకోండి' అని కాదు. మీరు తేల్చుకోవాల్సింది ఏమిటో స్పష్టంగా ఉండాలని. ఆ చీర విషయంలో మీ ముందున్నది పురుగుల్ని కాపాడాలా వద్దా అన్న ప్రశ్న కాదు. జరిగిపోయినదాన్ని ఒంటి మీద వేసుకుని, నలుగురి ముందు కూర్చుని, అది మంచిదే అన్నట్టు కనిపించగలనా అన్నది. అదీ నిజమైన ప్రశ్నే. కానీ వేరే ప్రశ్న.

నూలు చీరతో మచ్చ లేకుండా బయటపడొచ్చు అనుకున్నారు మొదట. తర్వాత పత్తి కూడా అనుమానంలో పడింది. ఆ అనుమానం సరైనదే. మీకు దగ్గర్లోనే ఉన్న సంగతి చెబుతాను. కర్నూలు, గద్వాల వైపు హైబ్రిడ్ పత్తి విత్తనం పండిస్తారు. సాయంత్రం ఒక్కో మొగ్గ చేత్తో వలిచి కేసరాలు తీసేస్తారు, మర్నాడు పొద్దున మగ పువ్వు పుప్పొడి అద్దుతారు. 'క్రాసింగ్' అంటారు ఆ పనిని. వేలాది మొగ్గలు, నెలల తరబడి. చిన్న చేతులకైతే తేలికని, కూలీ తక్కువని ఏళ్ల తరబడి ఆడపిల్లల్ని ఈ పనికి పెట్టారు. పిల్లల్ని పని మాన్పించి బడికి పంపేందుకు పనిచేసిన శాంతా సిన్హా, ఎం.వి. ఫౌండేషన్ వంటివాళ్ల కృషి వల్ల, బడుల వల్ల ఈ పరిస్థితి చాలావరకు మారింది, పూర్తిగా పోయిందనలేం. ఇక పత్తి మీద కొట్టే పురుగుమందుల సంగతి, 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి రైతుల ఆత్మహత్యలు, ఇవి మీకు తెలిసినవే. అదే మల్బరీ తోటలో మీ నాయన ఇష్టమొచ్చినట్టు మందు కొట్టలేరు. పక్క చేలో ఎవరైనా కొడితే గాలికి వచ్చిన పాటికే పురుగులు చచ్చిపోతాయని ఆయనకు భయం. అంటే ప్రాణం తీసే ఆ పంట తన చుట్టూ విషం లేకుండా చూసుకుంటుంది. ప్రాణం తీయదనుకున్న నూలు ఎన్ని ప్రాణాల మీదుగా వచ్చిందో చెప్పలేం. పాలిస్టర్‌కు పోతే పురుగూ లేదు, పత్తీ లేదు, పెట్రోలియం. ఉతికినప్పుడల్లా దాని నుంచి ప్లాస్టిక్ పీచు నీళ్లలోకి పోతుంది.

మీరు రాసిందంతా చదివాక నాకు అనిపించింది చెబుతాను. మీరు వెతుకుతున్నది మడి చీర. ఏ మైలా అంటని ఒక వస్త్రం దొరికితే కట్టుకుని ఊపిరి పీల్చుకుందామని. మన ఇళ్లలో పెద్దవాళ్లకు ఆ మడి పట్టులోనే దొరికింది చూడండి. నూలుకు మైల అంటుతుంది, పట్టుకు అంటదు అని పట్టుపంచె కట్టి పూజకు కూర్చున్నారు. ఆ పట్టు కోసం లెక్కలేనన్ని పురుగులు చస్తున్నాయి, కట్టొద్దు అని కంచి పరమాచార్య చెబుతూ వచ్చారు. ఆయన్ని కొలిచే ఇళ్లలో కూడా ఆ మాట విన్నవాళ్లు తక్కువే. మడి మనల్ని శుభ్రంగా ఉంచడానికి పుట్టింది, అవతలివాళ్లకు ఏమవుతుందో దానికి పట్టదు. మీరు ఆ దారిలో వెళ్తే షాపులో ఏదీ కొనలేకపోవడం తప్ప ఇంకేం జరుగుతుంది? మీరు ఖాళీ చేతులతో తిరిగొచ్చినందువల్ల క్రాసింగ్‌కు వెళ్లే పిల్ల బడికి పోదు, బేసిన్‌లో గూడు ఆగదు.

అందుకే మీ ఉత్తరంలో మీరు ఒక్క వాక్యంతో దాటేసిన చోటికి నేను మళ్లీ వెళ్తున్నాను. దారం తీసే ఆవిడ వేళ్లు. మీకు పురుగు కనిపించింది, ఆమె చేతులూ కనిపించాయి, కానీ నిద్ర చెడగొట్టింది పురుగే. తప్పు పట్టడం లేదు, చావు ముందు నానిన చర్మం చిన్నదిగానే కనిపిస్తుంది. అయితే పట్టు దారం తీసే పాత చరఖా పద్ధతిలో గూళ్లు ఉడికేదీ, కొస అందుకునేదీ ఒకే బేసిన్‌లో. ఆ వేడి నీళ్లలో రోజంతా చేతులు పెట్టే వాళ్లకు బొబ్బలు, పుండ్లు, వేళ్ల మధ్య ఒరుపులు మామూలు. ఆ ఆవిరికీ వాసనకూ ఆయాసం వస్తుంది. ఆటోమేటిక్ రీలింగ్ యంత్రాలు వచ్చిన చోట ఈ బాధ చాలావరకు తగ్గింది. మామూలు పట్టుకు పురుగు చావు తప్పనిసరి, ఆ వేళ్లు అలా అవడం తప్పనిసరి కాదు. మీ నాయన గూళ్లు ఎవరికి ఇవ్వాలో ఎంచుకోగల మనిషి. అక్కడ ఏం పద్ధతి ఉందో, రోజుకెంత ఇస్తున్నారో అడగడానికి మీకు కుదురుతుంది. పెళ్లయ్యాక కూడా కుదురుతుంది. మీ కలత కాస్తయినా పని చేయగలిగేది ఇలాంటి చోటే.

చీర నేసే అతన్ని కూడా మర్చిపోవద్దు. 2019-20 చేనేత గణన ప్రకారం నేత కుటుంబాల్లో మూడింట రెండు వంతుల వాళ్ల నెల ఆదాయం 5,000 రూపాయల లోపే. పెళ్లి చీర మీద కరువు మాట వచ్చిందని మీ అమ్మగారు బాధపడ్డారు కదా, అసలు కరువు ఆ మగ్గం దగ్గర ఉంది.

ఇప్పుడు మీ నాయన. కష్టమైన భాగం ఇదే.

ఆయన మౌనాన్ని మీరు కోపం అనుకుంటున్నారు. నాకలా అనిపించడం లేదు. పురుగులు మేపే ఇంట్లో చావు కొత్త కాదు. సున్నపుకట్టు తెగులు తగిలితే పంటకు పంటే గుంటలో పూడ్చేయాలి, అది ఆయన చేసే ఉంటారు. గూడు మార్కెట్‌కు వెళ్లాక ఏమవుతుందో మీకంటే ముందే, మీకంటే దగ్గర్నుంచి ఆయనకు తెలుసు. తెలిసీ ఇన్నేళ్లు చేశారు, ఎందుకంటే అనంతపురం నేలలో బోరు కింద ఉన్న కాస్త నీళ్లతో, డ్రిప్పు వేసుకుని, నెలా నెలన్నరకోసారి చేతికి డబ్బు అందించే పంట ఇంకేదీ ఆయనకు కనిపించలేదు. అదీ భరోసాగా ఏం లేదు. 2011 బడ్జెట్‌లో ముడిపట్టు మీద దిగుమతి సుంకం 30 శాతం నుంచి 5 శాతానికి దించారు. చైనా పట్టు దిగి, గూళ్ల ధర పడిపోయింది. రైతులు గూళ్లు రోడ్ల మీద పోసిన రోజులవి. మీ వయసును బట్టి అప్పుడు మీరు బడిలో ఉండి ఉంటారు. ఆ ఏడు మీ ఇంట్లో ఎలా గడిచిందో అమ్మను అడగండి, నాయనను కాదు.

అలాంటి మనిషి బిడ్డ పెళ్లికి ఏం ఇవ్వాలా అని ఆలోచించి, తన చేతిలో ఉన్న ఒకే గొప్ప వస్తువును ఎంచుకున్నారు. అది చూసి బిడ్డ మొహం తిప్పుకుంది. మీరు బేసిన్‌ను చూసి తిప్పుకున్నారు, ఆయన తనను చూసి అనుకున్నారు. మీ మధ్య ఉన్నది ఇదే అని నా అంచనా. దీన్ని అమ్మ ద్వారా కాదు, ఫోనులో కాదు, మీరే ఆయనతో చెప్పాలి. కూర్చోబెట్టి ఉపన్యాసం అక్కర్లేదు. షెడ్డులోకి వెళ్లి, ఆకు వేస్తూనే చెప్పొచ్చు: 'నాయనా, నీ పనంటే నాకు అసహ్యం కాదు. దాంతోనే చదువుకున్నా. ఆరోజు చూసింది కళ్ల ముందు నుంచి పోవడం లేదు, ఏం చేయాలో తెలీడం లేదు.' ఆయన ఏమంటారో చూడండి. 'మొదట్లో నాకూ అలాగే ఉండేది' అనొచ్చు. 'ఇదంతా చదువుకున్నోళ్ల మాటలు' అని కొట్టిపారేయొచ్చు. ఏదైనా ఇప్పుడున్న మౌనం కంటే మేలే. ఒక్కటి మాత్రం చేయకండి, షెడ్డు మానెయ్యమని అడగకండి. నెల జీతం వచ్చే బిడ్డ బోరు మీద బతికే తండ్రితో అనదగ్గ మాట కాదది. మీరే ఆయన్ని పూర్తిగా పోషించే ఏర్పాటు చేసి, అదీ ఆయన అడిగితే, అప్పుడు చూడొచ్చు.

ఆయనతో మాట్లాడాకే చీర సంగతి తేల్చుకోండి. ఏ దారిలో వెళ్తే ఏం జరుగుతుందో నాకు తోచినంత చెబుతాను.

ఆ చీరే కట్టుకోవచ్చు. తెలిసి, నాయనతో చెప్పి కట్టుకోవడం వేరు, నోరు మూసుకుని కట్టుకోవడం వేరు. రెండోది చేస్తే పెళ్లి ఫొటోల్లో ఆ చీర చూసినప్పుడల్లా మీకు బేసినే గుర్తొస్తుంది, ఆ కోపం ఎప్పుడో ఏదో చిన్న విషయంలో మీ నాయన మీదే పడుతుంది. మొదటి రకంగా కట్టుకుంటే, ఇది నేను కట్టే ఆఖరి పట్టు చీర అని మీలో మీరు అనుకోవచ్చు, అనుకోకపోనూ వచ్చు. ఆ నిర్ణయం పెళ్లి రోజునే తీసుకోనక్కర్లేదు.

అసలు కట్టుకోకపోవచ్చు. ఆ హక్కు మీకుంది, పెళ్లి మీది. కానీ ఊరంతా చెప్పుకున్న చీర పీటల మీద కనిపించకపోతే జవాబు చెప్పాల్సింది మీరు కాదు, మీ నాయన. మీరు సెలవు అయిపోగానే బెంగళూరు వెళ్లిపోతారు. ఆయన రేపు మళ్లీ అదే మార్కెట్‌కు, అదే రైతుల మధ్యకు గూళ్లు తీసుకుని వెళ్లాలి. ఈ దారి ఎంచుకుంటే, ఆ భారం మీరు మోయడం లేదన్న సంగతి గుర్తుంచుకుని ఎంచుకోండి.

అహింసా పట్టు. దీని వెనక మన హైదరాబాద్ మనిషే ఉన్నారు. ఆప్కోలో పనిచేసిన కుసుమ రాజయ్య, పురుగును చంపకుండా చిలుక బయటికి వచ్చాక మిగిలిన గూటి నుంచి దారం వడికించే పద్ధతికి పేటెంట్ తీసుకున్నారు. రాష్ట్రపతిగా ఉన్న వెంకట్రామన్ గారి సతీమణి, పురుగుల్ని చంపకుండా నేసిన పట్టు చీర దొరుకుతుందా అని అడగడంతో ఆయనకు ఈ ఆలోచన పుట్టిందంటారు. ఆ పోగు తెగిపోయి ఉంటుంది కాబట్టి పత్తిలా వడకాలి, అందుకే మెరుపు తక్కువ, ధర ఎక్కువ. మంచి ప్రయత్నమే, నాకు గౌరవం ఉంది. కానీ మీ మనసు అక్కడ కూడా ఆగదని హెచ్చరిస్తున్నాను. మల్బరీ పట్టు చిలుక వేల ఏళ్లు మనిషి చేతిలో పెరిగి ఎగరడం మర్చిపోయింది. దానికి తినే నోరు ఉండదు, కొద్ది రోజులే బతుకుతుంది. ఒక ఆడ చిలుక నాలుగు వందలకు తక్కువ కాకుండా గుడ్లు పెడుతుంది. ఒక చీరకు సరిపడా రెండున్నర వేల గూళ్ల నుంచి చిలుకలన్నీ బయటికి వచ్చాయనుకోండి, అందులో సగం ఆడవి, గుడ్లు ఐదు లక్షలు. వాటన్నిటికీ ఆకు వేసేది ఎవరు? మేపరు, మేపలేరు. గుడ్లు పారేయాలి, లేదా పొదిగిన పురుగులు ఆకలితో చావాలి. ఉడకబెట్టే చావు లేదు, నిజమే. చావే లేదనడం నిజం కాదు. ఎరి పట్టు ఇంకొకటి ఉంది, ఆముదం ఆకు తినే పురుగుది, గూడు ఒక వైపు తెరిచే ఉంటుంది కాబట్టి చంపకుండా వడకొచ్చు. అసోంలో అయితే ఆ పురుగును కూర వండుకుంటారు కూడా! కొనాలనుకుంటే కొనండి. మీ నాయనకు మాత్రం దాన్ని 'పాపం లేని పట్టు' అని పరిచయం చేయకండి, మిగతాది ఆయనే పూరించుకుంటారు.

నాకు ఎక్కువ నచ్చే దారి ఒకటుంది, అది మన పెళ్లిలోనే ఉంది. మధుపర్కాలు. తెల్లటి నేత బట్టకు ఎర్రటో పచ్చటో అంచు, పసుపు రాసి వధూవరులకు కట్టబెడతారు. పాతకాలం మధుపర్కాలు నూలువే. పట్టు మధుపర్కాలు ఈమధ్య షాపులు నేర్పిన ముచ్చట. చాలా ఇళ్లలో గౌరీపూజకు పట్టు చీర, సూత్రధారణ వేళకు మధుపర్కం. మీ వైపు ఆ ఆనవాయితీ ఎంతవరకు ఉందో పురోహితుణ్ణీ, అమ్మమ్మ వయసువాళ్లనీ అడిగి చూడండి. ఉంటే నాయన చీర గౌరీపూజకు కట్టుకుని, నూలు మధుపర్కంతో పీటల మీద కూర్చోవచ్చు. 'కరువొచ్చిందా' అని ఎవరూ అనరు, శాస్త్రం ప్రకారం చేశారంటారు. దీనివల్ల పొంతన కుదురుతుందా అంటే కుదరదు. పట్టూ కట్టినట్టే, కాదన్నట్టే. కానీ మీ మాటా ఆయన మాటా రెండూ ఆ రోజు నిలబడతాయి. మీ తమ్ముడు మళ్లీ ఏదో అంటాడు, అననివ్వండి.

ఫోను, పాలు, చెప్పుల సంగతి అడిగారు. అన్నీ ఒకేసారి మొయ్యాలనుకుంటే ఎవరి వల్లా కాదు. పాల విషయంలో మాత్రం, దూడ ఏమైందని అడిగి జవాబు వినగల దూరంలో మీరు ఉన్నారు, పల్లె మనిషి కదా. మీరు చేరగలిగిన చోట అడగండి. ఫోను బ్యాటరీలోని కోబాల్టు లోహం ఏ గని నుంచి వచ్చిందో కొనేచోట మీకు ఎవరూ చెప్పరు. పాడయ్యేదాకా అదే వాడటం ఒక్కటే మీ చేతిలో ఉన్నది. ఇక నిద్ర పట్టకపోవడం, కొనడానికి వెళ్లి కొనలేకపోవడం ఇంకో రెండు మూడు వారాలు ఇలాగే ఉంటే మాత్రం మానసిక వైద్యుల్ని కలవండి. పెళ్లి హడావుడి, ఇల్లు విడిచే దిగులు, నాయన మౌనం అన్నీ కలిసి ఆ బేసిన్ రూపంలో కనిపిస్తూ ఉండొచ్చు. అలాగని మీరు చూసింది చిన్న విషయమని కాదు.

చివరగా, మీ ఇంట్లో ఎవరూ గొడవ పడని చీరల గురించి. ఒక్క చీర మీద ఇంత జరుగుతోంది, పక్కనే ముప్పై నలభై పెట్టుబడి చీరలు ఎవరూ ఏమీ అనకుండా కొనేయబోతున్నారు. ఇవి ఇంకా కొనలేదు. వాటిలో నిజం పట్టువి ఉంటే, ఆ కొనుగోలు దగ్గర మీ మాటకు బలం ఉంది. పట్టు పేరుతో అమ్మే చవక రకాలు చాలావరకు పవర్‌లూమ్ మీద నేసిన పాలిస్టర్ కలిపినవి. సిల్క్ మార్క్ చూసుకోండి. అది పట్టు అసలుదా కాదా అన్నంతవరకే చెబుతుంది, పురుగు గురించీ నేతగాడి గురించీ ఏమీ చెప్పదు. చేనేతదా కాదా తెలియాలంటే హ్యాండ్‌లూమ్ మార్క్ వేరే ఉంటుంది. ఈ చీరల్లో చాలావాటిని ఎవరూ కట్టరు. ఒకింటి నుంచి ఇంకో ఇంటికి, ఇంకో పెళ్లికి చేతులు మారతాయి, మీ అమ్మగారికీ ఈ సంగతి తెలుసు. వాటి బదులు మంగళగిరివి గానీ నారాయణపేటవి గానీ నూలు చీరలు చేనేత సంఘం దగ్గర ఒకేసారి తీసుకుంటే కట్టుకోదగ్గ చీర ఇచ్చినట్టు ఉంటుంది, డబ్బు మగ్గం దగ్గరికి చేరుతుంది. నూలుకు దాని లోపాలు దానికున్నాయని పైనే చెప్పాను, అయినా ఈ చోట నేను నూలు వైపే. అత్తవారి తరఫు దగ్గరివాళ్లు నలుగురైదుగురికి పట్టే పెట్టాలని అమ్మ పట్టుబడితే ఒప్పేసుకోండి. నలభైలో ముప్పై అయిదు మారినా పెద్ద మార్పే. మాఘం ముహూర్తాలకు సంఘాల దగ్గర రద్దీ ఉంటుంది, ఒకే రంగులో అన్ని చీరలు కావాలంటే ముందే చెప్పాలి. అందుకే ధర్మవరం ప్రయాణం కంటే ముందే అమ్మతోనూ పిన్నితోనూ కూర్చుని జాబితా రాయండి.